మన ప్యాసింజరు

ప్రియమైన డాక్టరమ్మకి,

నువ్వు డాక్టర్‌వి కాదనీ, థెరపిస్టువనీ, ఆ రెండూ వేరనీ చెప్పి చెప్పి నీ నోరు నొప్పెట్టి ఉంటుంది. అయినా లిఫ్టు మెకానిక్కు పెళ్ళాన్ని గొప్పగా పిలుచుకునే అవకాశం మళ్ళీ ఎప్పుడొస్తుంది? పిలవనీ.

ఫోను చెయ్యకుండా ఉత్తరం ఎందుకంటే, ఫోన్లో నీతో మాట్లాడాలంటే భయమేస్తోంది. నేనేం చెప్పినా "ఊఁ" అంటావు. కాసేపాగి "నీకది కష్టంగా ఉండి ఉంటుంది" అంటావు. ఆ మెత్తటి క్లినిక్ గొంతు వినగానే ఫీజు కట్టాలేమోనని జేబు తడుముకుంటున్నా. కాగితం మీదైతే ఒట్టి "ఊఁ" అని రాసి పంపలేవు కదా, ఇంకేదైనా రాయక తప్పదు.

సంగతేమిటంటే, ఇంటి ఓనరు వచ్చి వెళ్ళాడు. ఇల్లు అమ్మేస్తున్నాడట. నెలాఖరుకి ఖాళీ చెయ్యమన్నాడు. వంటిల్లు నేను సర్దగలను. నీ పుస్తకాలు కూడా అట్టపెట్టెల్లో పెట్టేస్తాను. కానీ ఆ చిన్న గది ఉందే, అక్కడ నాకు కాళ్ళూ చేతులూ ఆడటం లేదు. నువ్వు ఆ ఊళ్ళో ఉద్యోగమని వెళ్ళినప్పట్నుంచి దాని తలుపు తియ్యలేదు. ఉయ్యాల అక్కడే ఉంది. నువ్వు ఉతికి మడతపెట్టిన చిన్న బట్టలు అలాగే ఉన్నాయి. పాత లిఫ్టు బటన్లన్నీ ఒక చెక్కకి బిగించి నేను చేసిన బొమ్మ గోడకే ఉంది. నొక్కితే వెలుగుతుందని ఎంత సంబరపడ్డామో గుర్తుందా? మన ప్యాసింజరు పైనుంచి కిందికి దిగగానే ముందు దాన్నే నొక్కుతుందని నువ్వన్నావు.

దిగింది. కానీ మనకి దక్కలేదు. దాని గురించి మనిద్దరం ఇంతవరకూ ఒక్క మాట మాట్లాడుకోలేదు. ఆ సామాను ఏం చెయ్యాలో నాకు చెప్పు. నువ్వు చెప్పకపోతే మన సంగతి కూడా ఆ గదితోపాటే తేలిపోయిందనుకుంటాను. బెదిరింపు కాదు ఇది. నాకింక ఓపిక లేదు, అంతే.

నీ
మెకానిక్కు

*

ప్రియమైన మెకానిక్ గారికి,

నీ ఉత్తరం టేబుల్ సొరుగులో పెట్టుకుని, ఒకరు వెళ్ళి ఇంకొకరు వచ్చేలోపు తీసి చదువుకుంటున్నా. జేబు తడుముకున్న ముక్క దగ్గర నవ్వొచ్చింది. తర్వాత నవ్వు రాలేదు.

నా గది ఎలా ఉంటుందో నువ్వు చూడలేదు. రెండు కుర్చీలు, కాస్త ఏటవాలుగా వేసి ఉంటాయి, చూడాలనుకుంటే ఒకరినొకరు చూసుకోవచ్చు, వద్దనుకుంటే కిటికీ చూడొచ్చు. కిటికీ బయట టైర్ల షాపు. ఎవరైనా గుండెలోంచి మాట తీసే సమయానికి సరిగ్గా అక్కడ గాలి మెషీను బుస్సుమంటుంది. గడియారం వచ్చినవాళ్ళ వెనకాల పెట్టుకున్నా, నేను టైం చూస్తున్నట్టు వాళ్ళకి తెలియకుండా.

నేనీ పనిలోకి ఎలా వచ్చానో నీకు సరిగ్గా ఎప్పుడూ చెప్పలేదు. మా అమ్మ అప్పుడప్పుడూ మంచం ఎక్కి గోడవైపు తిరిగి పడుకునేది. రోజుల తరబడి అంతే. "అమ్మని విసిగించకు" అని నాన్న చెప్పులేసుకుని వెళ్ళిపోయేవాడు. ఇంట్లో మిగిలేది నేనే. మంచం కిర్రుమన్న తీరుని బట్టి అమ్మ లేస్తుందా లేవదా అన్నది చెప్పేసేదాన్ని. ఒకసారి ఉండబట్టలేక తన ముందే ఏడ్చేశాను. అమ్మ లేచి కూర్చుని, "నీక్కూడా నా వల్ల ఏడుపేనా" అని నాకంటే పెద్దగా ఏడ్చింది. ఆ తర్వాత వారమంతా లేవలేదు. అప్పట్నుంచి పెరట్లో మొహం కడుక్కుని, తుడుచుకుని, అప్పుడే ఆ గదిలోకి వెళ్ళేదాన్ని. ఎదుటివాళ్ళ మనసు కనిపెట్టడం అలా పట్టుబడింది. దాన్నే ఇప్పుడు ఉద్యోగం అంటున్నారు.

మా పెద్దావిడ, అదే, నా పని చూసి తప్పొప్పులు చెప్పే సీనియర్, నేను పని నేర్చుకునే మొదటి రోజుల్లోనే ఒక మాట అంది. మందులు రాయడం మన పని కాదు, సలహాలివ్వడం అంతకన్నా కాదు. వచ్చిన మనిషికీ మనకీ ఆ గదిలో ఏర్పడే సంబంధమే మన మందు. బయట అందరితో ఎలా ఉంటారో మనతోనూ అలాగే ఉంటారు, అలిగితే మన మీదే అలుగుతారు, దాక్కుంటే మన దగ్గరే దాక్కుంటారు. అప్పుడు నీలో కలిగేదాన్ని మింగెయ్యకుండా మాటగా పెట్టు, అంది. అది నాకింకా సరిగ్గా చేతకాదు. ఆవిడ చెప్పినదాంట్లో నాకు బాగా వచ్చింది ఒక్కటే, ఆగడం. అవతలివాళ్ళు చెప్పనిదాన్ని లాగకూడదు, అడగనిదాన్ని చెప్పకూడదు. మీ చెల్లి కాపురంలో గొడవలప్పుడు నీకూ ఇదే చెప్పాను, తను అడిగేదాకా నువ్వేం అనకు అని. నువ్వు బుద్ధిగా విన్నావు కూడా.

గది సంగతి నీకెలా అనిపిస్తే అలా చెయ్యి. నువ్వేం చేసినా నేను అర్థం చేసుకుంటాను. టైముకి తిను.

నీ
మనిషే

*

ప్రియమైన గోడకి,

"నీకెలా అనిపిస్తే అలా చెయ్యి." ఇది చదవగానే నాకు ఒళ్ళు మండింది. నేనడిగింది నాకెలా అనిపిస్తోందని కాదు. నీకెలా అనిపిస్తోందని. అంత పెద్ద ఉత్తరంలో అమ్మ ఉంది, పెద్దావిడ ఉంది, టైర్ల షాపు ఉంది. మన ప్యాసింజరు లేదు.

మా పనిలో ఒకటుంది. ఎవరైనా లిఫ్టులో ఇరుక్కుంటే తలుపు తీసేదాకా బయటనుంచి వాళ్ళతో మాట్లాడుతూనే ఉంటాం. మొన్నొక ముసలాయన లోపలినుంచి నా ఏడు తరాలనీ తిట్టాడు. తిట్టనీ, ప్రాణంతో ఉన్నాడని తెలిసింది. నాకు ఒళ్ళు చల్లబడేదెప్పుడంటే, ఎంత పిలిచినా లోపలినుంచి చప్పుడు లేనప్పుడు. నీతో నాకు అలాగే ఉంది. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నీ దగ్గర్నుంచి వినిపించిన చప్పుడు ఒక్కటే, బాత్రూంలో కుళాయి. తిప్పి వదిలేసేదానివి. నీళ్ళు పోతున్నాయని నేను అరిచేవాణ్ణి. నువ్వు తుడుచుకున్న మొహంతో బయటికొచ్చి "అన్నం పెట్టనా" అనేదానివి.

ఒక్కసారైనా నన్ను తిట్టవే. ఏడువు. లేదంటే, నాకా పాప మీద అంత లేదులే, నీకే ఎక్కువైంది అని ఒప్పుకో. అదైనా తట్టుకుంటా. ఈ "అర్థం చేసుకుంటాను" మాత్రం నా వల్ల కాదు.

మెకానిక్కు

*

ప్రియమైన మెకానిక్ గారికి,

జవాబు రాయడానికి కూర్చున్న ప్రతిసారీ కాగితం చింపేశాను. ఈసారి చింపకుండా రాస్తున్నా.

నా దగ్గరికి ఒకావిడ వస్తుంది. ఊరూ పేరూ చెప్పను, చెప్పకూడదు. పెద్ద వయసు. నిద్ర పట్టడం లేదని వచ్చింది. నెలల తరబడి ఇంట్లో సామాను గురించే మాట్లాడింది. ఈమధ్య ఒకరోజు ఉన్నట్టుండి, చాలా ఏళ్ళ కింద పుట్టగానే పోయిన బిడ్డ సంగతి తీసింది. చూస్తే బెంగపెట్టుకుంటుందని ఎవరూ చూపించలేదట. "ఏ రంగో కూడా తెలీదమ్మా నాకు. ఇప్పటికీ బజార్లో ఆ వయసు వాళ్ళు కనిపిస్తే, నల్లగా ఉండేవాడా తెల్లగా ఉండేవాడా అని లెక్కేసుకుంటా" అంది.

నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. ఆవిడ ముందే, ఆ కుర్చీలోనే, వెక్కిళ్ళు పెట్టి ఏడ్చాను. లేచి వెళ్ళి మొహం కడుక్కోవడానికి కుళాయి లేదు అక్కడ. ఆవిడ భయపడలేదు, మా అమ్మలాగా కూలిపోలేదు. నా వంకే చూసి, "ఇన్నాళ్ళకి ఇక్కడొక మనిషి కూర్చున్నట్టుందమ్మా" అంది.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. తర్వాతిసారి ఆవిడ వచ్చేసరికి సిగ్గుతో చచ్చిపోయాను. వీపు నిటారుగా పెట్టుకుని, అదే మెత్తటి గొంతుతో, "పోయినసారి గురించి మీకేమనిపిస్తోంది" అని అడిగాను. ఆవిడ నన్ను అలా చూసి, చేతిసంచి తీసుకుని వెళ్ళిపోయింది. ఆ తర్వాత రావాల్సిన రోజుల్లో రాలేదు. ఆవిడ కుర్చీ వంక చూస్తూ గంటంతా కూర్చుంటున్నా. ఆవిడకేమైనా అయితే అని ప్రాణం కొట్టుకుంటోంది.

నేను ఏడవలేనిదాన్ని కాదని నీకు తెలియాలని రాశాను.

నీ
మనిషే

*

థెరపిస్టు గారికి,

తెలిసింది. ముక్కూ మొహం తెలియని మనిషి ముందు వెక్కిళ్ళు పెట్టి ఏడవగలవన్నమాట. నాకు మాత్రం తుడిచిన మొహం. నేను మాత్రం కుళాయి చప్పుడు వింటూ తలుపు బయట నిలబడాలి. ఆవిడ అదృష్టవంతురాలు, అపాయింట్‌మెంటు దొరికింది.

ఇంక నువ్వు రాయొద్దు. ఓనరుకి తాళాలు ఇచ్చేస్తాను. సామాను కావాల్సినవాళ్ళకి ఇచ్చేస్తాను. నీ పుస్తకాలు మీ క్లినిక్‌కి పంపిస్తాలే.

సెలవు.

*

నా ప్రియమైన మెకానిక్కూ,

రాయొద్దన్నావు. రెండు ఉత్తరాలు రాశాను, వాటికి జవాబు లేదు. ఫోను చేస్తే మోగి మోగి ఆగిపోతోంది. ఈ ఉత్తరమైనా విప్పుతావో, చూడకుండానే పడేస్తావో తెలియదు. ఈ మధ్యలో నాకు తిండి సయించడం లేదు. వచ్చినవాళ్ళ మాటలు చెవిలోకి పోవడం లేదు. నిన్న ఒకాయన "వింటున్నారా మేడమ్" అని అడిగాడు. లేదండీ, వినలేకపోయాను, క్షమించండి, అన్నాను. నిజమే చెప్పాను.

పెద్దావిడ దగ్గరికి వెళ్ళి అంతా కక్కేశాను. ఏడ్చినందుకు తిడుతుందనుకున్నా. "ఏడ్చినందుకు ఏం కాలేదు. ఏడ్చాక పారిపోయావు చూడు, ఆవిడకి తగిలింది అది. సంబంధం తెగడం తప్పు కాదే పిచ్చిదానా, తెగినచోటికి తిరిగి వెళ్ళకపోవడం తప్పు" అంది. తర్వాత కళ్ళజోడు తీసి, "ఇంట్లో కూడా ఇదే వేషమా?" అని అడిగింది.

రావడం మానేసిన ఆ నిద్ర పట్టనావిడకి ఫోను చేశాను. "మీ ముందు ఏడ్చినందుకు సిగ్గుపడి, తర్వాతిసారి గోడలా కూర్చున్నాను. తప్పు మీది కాదు. మీరొస్తే ఈసారి అక్కడే ఉంటాను" అని చెప్పాను. చివరికి వచ్చింది. వచ్చి కూర్చుని, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, ముందు నన్ను తనే అడిగింది, "మీదీ పోయింది కదమ్మా?" అని. అవునన్నాను. ఒక్క మాటే అన్నాను, ఆ గంట ఆవిడది కాబట్టి. లేచేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి, "మా ఆయన కూడా పోయాడు, నేను అడగడానికి ఎవరూ లేరు. మీకున్నారుగా, అడగండి" అంది. ఈ మాట మీవారికి చెప్పుకోండి అని కూడా ఆవిడే అంది.

అందుకని అడుగుతున్నా. ఇన్నాళ్ళూ అడగనిది.

ఆపరేషనయ్యాక నాకు మెలకువ వచ్చేసరికి మంచం పక్కన ఉయ్యాల తొట్టి లేదు. నీ మొహం చూశాను. పిండేసిన గుడ్డలా ఉన్నావు. ఇంకో చిన్న మాట అంటే కూలిపోతావనిపించింది, మా అమ్మ కూలిపోయినట్టు. నోట్లోకి వచ్చిన మాట మింగేసి, "ఏమైనా తిన్నావా" అని అడిగాను. అది కాదు నేను అడగాల్సింది. పాప ఏది అని అడగాల్సింది. నాకు ఎవరూ చూపించలేదు. నువ్వూ చూపించలేదు. పోనీ ఎలా ఉందో ఒక్క మాటైనా చెప్పలేదు. నాకు నీ మీద కోపం. చెప్పలేనంత కోపం. అన్నం పెట్టిన ప్రతిసారీ ఆ కంచం నీ నెత్తిన వెయ్యాలనిపించేది. కుళాయి తిప్పి లోపల నిన్నే తిట్టుకుంటూ ఏడ్చేదాన్ని. నువ్వు నీళ్ళ గురించి అరిచేవాడివి! నీకు నీళ్ళే కనబడ్డాయి!

నాకు ఆ పాప మీద అంత లేదని రాశావు. ఆ మాట ఎలా రాయగలిగావు? తొమ్మిది నెలలు నాతోపాటు తిన్నది, నాతోపాటు నిద్రపోయింది. ఏ రంగో నాకు తెలియదు. జుట్టుందో లేదో తెలియదు. నువ్వైనా చూశావా? ఎవరైనా చూశారా దాన్ని? ఎవరూ చూడకుండానే వెళ్ళిపోయిందా నా పిల్ల?

ఈ ఉత్తరం మళ్ళీ చదవను. చదివితే బాగుచేస్తాను. కాగితం మీద మరకలున్నాయి, ఉండనీ. ఆ గది ఖాళీ చెయ్యొద్దు. నాకెలా అనిపిస్తోందని అడిగావు కదా, నాకు వద్దనిపిస్తోంది. ఒకవేళ ఇప్పటికే చేసేసి ఉంటే, అదీ చెప్పు.

నీ పెళ్ళాం

*

నా ప్రియమైన పిచ్చిదానా,

చూశాను.

నేనే చూశాను. ఎత్తుకున్నాను కూడా. ఆసుపత్రినుంచి కబురొచ్చేసరికి నేను లిఫ్టు గుంతలో ఉన్నా, అలాగే పరిగెత్తుకొచ్చా. నిన్ను ఇంకా లోపలే ఉంచారు. నర్సు తెల్ల గుడ్డలో చుట్టి తీసుకొచ్చి "ఎత్తుకుంటారా" అంది. చేతులకి గ్రీజు ఉంది, కడుక్కొస్తానన్నా. "ఏం ఫర్వాలేదు, అలాగే ఎత్తుకోండి" అని నా చేతుల్లో పెట్టేసింది.

నీ రంగే. అచ్చం నీ రంగు, మోచేతి లోపలివైపు ఉంటుందే, అది. జుట్టు బోలెడు ఉంది, నల్లగా, తడిగా, నుదుటికి అంటుకుని. కుడి చెవి పైఅంచు కొంచెం మడతపడి ఉంది, నిద్రలో చెవి నలిగితే నాకు పడుతుంది చూడు, అలా. కనుబొమ్మలు ముడేసుకుని ఉంది, నీ పుస్తకాల్లో కష్టమైన పేజీ వచ్చినప్పుడు నువ్వు ముడేస్తావే, అలా. నాకు నవ్వొచ్చింది. ఆ పరిస్థితిలో నవ్వొచ్చిందంటే నమ్ముతావా? బొటనవేలు లోపలికి పెట్టి గుప్పిట బిగించింది. నేను వేలు పెట్టి కొంచెం తెరిచి చూశా. గోళ్ళు పెరిగి ఉన్నాయి. కత్తిరించాలి అనుకున్నా. "ఏమ్మా ప్యాసింజరూ, ఇక్కడే దిగిపోయావా" అన్నాను. నర్సు అటు తిరిగిపోయింది.

ఇదంతా నీకు చెబుదామనే నీ మంచం పక్కన కూర్చున్నా. మాటలు కూడా సిద్ధం చేసుకున్నా. నువ్వు కళ్ళు తెరిచి "ఏమైనా తిన్నావా" అన్నావు. నువ్వు ఇంకా వినే స్థితిలో లేవనుకున్నా. అడగనిదాన్ని చెప్పకూడదు, అడిగేదాకా ఆగాలి, మా చెల్లి విషయంలో నువ్వు నేర్పిందే కదా. థెరపిస్టు మొగుణ్ణి, ఆ మాత్రం తెలియదా అని గొప్పకి పోయి ఆగాను. రోజూ ఆగాను. నువ్వు అన్నం వడ్డిస్తుంటే ఇప్పుడడుగుతుంది, ఇప్పుడడుగుతుంది అని నీ నోటి వంకే చూసేవాణ్ణి. అడగకపోతే, దీనికి అక్కర్లేదు కాబోలు, నేనొక్కణ్ణే దాన్ని మోస్తున్నాను కాబోలు అనుకున్నా. నువ్వు నేను చెబుతానని ఆగావు. నేను నువ్వు అడుగుతావని ఆగాను. ఇద్దరం ఎంత బాగా చదువుకున్నామే!

ఆ రెండు ఉత్తరాలూ విప్పలేదు. ఇది కూడా విప్పేవాణ్ణి కాదు, కానీ కవరు మీద అడ్రసు అలుక్కుపోయి ఉంది. నీ రాత ఎప్పుడూ అలుక్కుపోదు.

గది ఖాళీ చెయ్యలేదు. చేద్దామనే తలుపు తీశాను, నిజం. ఉయ్యాల్లో పక్క ఎత్తితే ఆ తెల్ల గుడ్డ కనబడింది. ఆసుపత్రిలో అడిగి తెచ్చుకుని, నీకు తెలియకుండా పక్క కింద పెట్టింది నేనే. అంచు మీద నా బొటనవేలి గ్రీజు మచ్చ అలాగే ఉంది. ఉతకలేదు, ఎప్పటికీ ఉతకను. దాన్ని పట్టుకుని అక్కడే కూలబడి ఏడ్చాను. పక్కింటాయన తలుపు కొట్టి ఏమైందన్నాడు. లిఫ్టు పాడైందండీ అన్నాను. మనది ఒంటి అంతస్తు ఇల్లు.

ఓనరు కాళ్ళూ గడ్డమూ పట్టుకుని ఇంకొన్నాళ్ళు ఆగమన్నా. ఆ గది ఇద్దరం కలిసి సర్దుదాం. ఆ గుడ్డ నీ చేతికిస్తాను. చెవి ఎక్కడ మడతపడిందో నీ చెవి మీద చూపిస్తాను. మళ్ళీ చెప్పమంటే మళ్ళీ చెబుతా, ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు. కంచం నెత్తిన వెయ్యాలనుంటే అదీ కానిద్దువుగాని, స్టీలువే ఉన్నాయి.

ఆవిడకి నా దండాలు చెప్పు. చెప్పొచ్చో లేదో పెద్దావిడని అడిగి చెప్పు.

శనివారం బండికి రా. నేను స్టేషన్లో ఉంటాను, పని మీదనుంచి నేరుగా వస్తా, చేతులు కడుక్కోను. దారంతా ఏడ్చుకుంటూ రా. దిగేముందు మాత్రం మొహం కడుక్కోకు.

నీ
ప్యాసింజరు వాళ్ళ నాన్న